తిథియు నతిథియు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపబూనిన విషయము రాజ్యములను గూర్చినది కాదు, రాజకీయములను గూర్చినదియు కాదు. మూడేండ్ల పిల్ల పుట్టినరోజు విందునకు పదిమందిని పిలుచుట యెట్లు, పిలువబడిన పదిమంది మారుమాట చెప్పుట యెట్లు అనునంతటి చిన్న సంగతి. ఇంతటి స్వల్పవిషయమునకు ప్రసంగ మెందులకని మీలో కొందరు రేడియో చెవి మెలిపెట్టబోవుచుందురేమో. ఒక్క నిమిషము తాళుడు. ముప్పదిరెండేండ్లు జగిత్యాల ప్రాంతపు పాఠశాలలలో తెలుగు పండితుడనై సంధులును సమాసములును బోధించినవాడను నేను; ఆమంత్రణమనగా ఎదుటివానిని సంబోధించుట యనియే చిరకాలము పిల్లలకు చెప్పుచు వచ్చితిని. ఆ మాటకు విందుపిలుపు అను రెండవ అర్థము గలదనియు, మొదటిదానికంటె నది మిక్కిలి క్లిష్టమైనదనియు నాకు తెలిసివచ్చినది ఖతర్ దేశమున, ఏషియన్ టౌనులో, 2023వ సంవత్సరము మార్చి 10వ తేదీ శుక్రవారమునాడు.

ఏషియన్ టౌన్ అనగా నేదో మహానగరమని భ్రమపడి విమానము దిగినవాడను నేను. దోహాకు నైరుతి దిక్కున, సౌదీ సరిహద్దువైపు సాగిపోవు సల్వా రోడ్డునకు దక్షిణముగా, గిడ్డంగులును మరమ్మతు షెడ్లును బారులు తీరిన ఇండస్ట్రియల్ ఏరియా గలదు. దాని యంచున, డెబ్బదివేలకు దాపుగా శ్రామికుల నివాసమునకై 2015లో తెరచిన లేబర్ సిటీ నానుకొని యున్న బజారు, వినోదస్థలముల సముదాయమే ఈ టౌను. ఒక పెద్ద హైపర్‌మార్కెట్టు, సినిమా హాళ్లు, మెట్లుమెట్లుగా ఆసనములు గల ఆరుబయటి రంగస్థలము, వేలమంది కూర్చుండదగిన క్రికెట్ మైదానము అందున్నవి. 2022లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినపుడు, ఆ స్టేడియములను కట్టిన చేతులవారిలో పెక్కుమంది ఈ క్రికెట్ మైదానముననే పెద్దతెరలపై ఆటలు చూచిరట. శుక్రవారము సాయంకాలము అచ్చటికి పోయినవాడు ఒక్క నూరడుగులలో తెలుగు, మలయాళము, తమిళము, నేపాలీ, బెంగాలీ వినును. కాని ఒక్క పసిపిల్ల యేడుపు వినవలెనన్నచో మాత్రము చాలసేపు నడువవలెను.

దానికి కారణము ఒక శబ్దమున దాగియున్నది. గల్ఫు దేశములలో 'బ్యాచిలర్' అను మాటకు పెండ్లికానివాడని యర్థము కాదు. కుటుంబము వెంటలేని మగవాడని యర్థము. ఊరిలో ఇల్లాలును ముగ్గురు బిడ్డలును గలవాడు సైతము ఈ విమానాశ్రయము దాటినంతనే బ్యాచిలరగును. కుటుంబమును తెచ్చుకొను వీసా జీతపుమెట్టును బట్టి లభించునదగుటచే, క్రిందిమెట్టువారికి భార్యాబిడ్డలు ఫోనుతెరపై కనబడువారే. దోహాలోని కొన్ని పెద్దబజార్లలో శుక్రవారము కుటుంబములకే ప్రవేశమను వాడుక యుండెడిది. బ్యాచిలర్లు కాలు మోపుటకు ఆటంకములేని చోటు ఈ ఏషియన్ టౌను. నా కుమారుడు అక్కడికి దాపుననున్న యొక కంపెనీలో సూపర్‌వైజరు. భార్యాబిడ్డలతో దోహాలో కాపురముండునంతటి మెట్టు వానికి దొరకినది. వాని క్రింద పనిచేయువారిలో మన కరీంనగరు, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలవారు ఇరువదిమందికి దాపుగా గలరు. పిల్ల పుట్టినరోజునకు వారినందరిని పిలువవలెననియు, వారు నడచి రాగలుగుటకై విందును ఏషియన్ టౌనులోని యొక హోటలులోనే పెట్టవలెననియు వాడు చెప్పినపుడు, నా పెంపకము వృథా కాలేదని లోలోన మురిసితిని.

నా మనుమరాలి పుట్టుకయే ఒక పిలుపు తప్పిన కథ. 2020 మార్చి 10, వికారినామ సంవత్సర ఫాల్గుణ బహుళ పాడ్యమి, హోలీనాడు ఆమె దోహాలో పుట్టినది. కోడలి పురిటికి నేనును నా భార్యయును పోవలెనని టిక్కెట్లు కొని, నేతిసీసాలును సొంఠిపొడియును మూటగట్టి కూర్చుండగా, అంటువ్యాధి భయముచే మార్చి 9వ తేదీనుండి మనదేశమునుండి వచ్చువారి ప్రవేశమును ఖతర్ నిలిపివేసినది. ఒక్కదినము తేడా! మనుమరాలే పిలిచినది, మేమే పోలేకపోయితిమి. తరువాతి రెండు పుట్టినరోజులును ఫోనులోనే గడచినవి. మూడవదానికి మేము స్వయముగా వచ్చితిమనగా ఆ విందుపై మా యింటివారి యాశ యెంతటిదో మీరే ఊహించుకొనుడు.

వచ్చినవెంటనే నాకును కోడలికిని మొదటి తగవు తేదీ విషయమున. తిథిప్రకారము ఆ యేడు పాడ్యమి మార్చి 8వ తేదీ, బుధవారమున పడినది. ఇంగ్లీషు తేదీ 10, శుక్రవారము. శ్రామికులకు సెలవు శుక్రవారము. కుటుంబములవారు గురువారము రాత్రిని కోరుదురు, మరునాడు పొద్దెక్కువరకు నిద్రించవచ్చునని. కడకు బుధవారము తెల్లవారుజామున పిల్లకు తలంటి, క్రొత్తగౌను తొడిగి, నువ్వులును బెల్లమును కలిపిన పాలు మార్కండేయుని తలచుకొనుచు మేము త్రాగించుటకును, శుక్రవారము సాయంత్రము ఆరుగంటలకు వారు కేకు కోయుటకును సంధి కుదిరినది. ఒక్కపిల్లకు రెండు పుట్టినరోజులు. పిల్లకేమియు అభ్యంతరము లేకపోయినది.

మా చిన్ననాట పుట్టినరోజునకు పిలుపులే లేవు. ఆ పాలు త్రాగించి, పాయసము వండి, ఇరుగుపొరుగులకు గిన్నెడు పంపినతో పండుగ ముగిసెడిది. పేరంటమైనచో ముత్తైదువ గడపగడపకును పోయి బొట్టుపెట్టి పిలిచెడిది. పెండ్లియైనచో మూలలకు పసుపు పూసిన శుభలేఖ వచ్చెడిది. విందైనచో 'ఇంటిల్లిపాది రావలె, పొయ్యి ముట్టియ్యవద్దు' అని మనిషి వచ్చి చెప్పెడిది. ఏ పిలుపునకును జవాబు అడుగుట లేదు. 'మీరు వత్తురా?' యని యడిగినచో నది యవమానము. రాకపోవుటకును చోటు గలదని ముందే శంకించినట్లగును గదా! వంటవాడు ఊరిని చూచి ఎసరు పెట్టెడివాడు. తక్కువైనచో చారులో నీళ్లు, ఎక్కువైనచో మరునాటి చద్ది. రానున్న తిథి తెలియనివాడు అతిథి. పిలువగా వచ్చినవాడు అభ్యాగతుడు. ఈ రెండుమాటలను జంటగా వాడి వాడి వాని భేదమును మనము మరచితిమి. జన్మకు తిథి నిర్ణయించిన మనవారు అతిథికి మాత్రము నిర్ణయింపలేదు. హోటలువాడు అట్లు కాదు. వానికి బుధవారము రాత్రికెల్ల పళ్లెముల లెక్క చేతబడవలెను.

పిలుపుపత్రము వ్రాయు భారము నాయందు పెట్టబడినది. పండితుని కింతకంటె ప్రియమైన పని యేమున్నది? 'అస్మత్పౌత్రీ తృతీయ జన్మదినోత్సవ శుభసందర్భమున' అని యెత్తుకొని, ఎనిమిది పంక్తుల పొడవున ఒక్క క్రియాపదమును చివర నిలిపి, ముగించితిని. కుమారుడు చదివి, 'బాపూ, గిది మా పొరగాండ్లకు ఎట్ల సమజైతది?' యనెను. కోడలు మరింత మర్యాదగా, 'మామయ్యా, ఎక్కడికి రావాల్నో గూడ రాయండి' అనెను. చూచుకొనగా నిజమే, తిథివారనక్షత్రములు గలవు, హోటలు పేరు లేదు. తుదకు ఆమె తన ఫోనులోని యొక చిత్రపు కార్డుపై, పిల్లబొమ్మ చుట్టును బుడగలు తేలుచుండగా, నాలుగు ముక్కలు వ్రాసి వాట్సాపున పంపినది. అందు సమయమును స్థలమును గలవు. కాని మరి మూడు లోపములు మిగిలినవని నా కిప్పుడు తోచుచున్నది. విందు ఎప్పుడు మొదలగునో యున్నదిగాని ఎప్పుడు ముగియునో లేదు. పసిపిల్లల విందున మొదటిదానికంటె రెండవది ముఖ్యము, ఏలయన ఎనిమిదిగంటలకు పసిది నిద్రతో సోలునని తల్లికి తెలియును, బ్రహ్మచారులకు తెలియదు. కార్డున పిల్లల పేర్లు లేవు. ఇద్దరు పిల్లలున్న యింట ఒక్కరినే తేవలెనో, ఇద్దరినీ తేవలెనో తల్లిదండ్రులు తికమకపడిరి. ఇక జవాబు ఎవరికి, ఏనాటిలోగా చెప్పవలెనో యనుట అసలే లేదు.

లేబర్ సిటీలో గదికి నలుగురు. ఇరువదిమందిని పిలుచుట అనగా నైదుగదులను పిలుచుటయే. మొదట నా కుమారుడు తన వరుసలోనివారి పేర్లే వ్రాసికొనగా, ఒక గదిలో ముగ్గురిని పిలిచి నాలుగవవానిని విడిచినట్లయినది. ఆ నాలుగవవాడు వేరొక కంపెనీవాడు, వీనితో పరిచయమే లేనివాడు. 'ఆయనను గూడ పిలువు'మని నేను పట్టుపట్టితిని. ఒక్క అల్లుని పిలువక దక్షుడు చేసిన యజ్ఞ మేమైనదో ముప్పదేండ్లు పాఠము చెప్పినవాడను గదా! ఊరిలో ఒక యింటిని విడుచుటకు పాతకక్ష కారణమై యుండవచ్చును. ఒకే గదిలో పై మంచముమీదివానిని పిలిచి క్రింది మంచముమీదివానిని విడుచుటకు కారణమని చెప్పదగినది ఏదియు లేదు.

ఇక జవాబులు. తెలుగున కాలములు భూత, భవిష్యత్, వర్తమానములే గాక తద్ధర్మమను నాలుగవది యొకటి గలదని మీరు బడిలో చదివియుందురు. 'సూర్యుడు తూర్పున ఉదయించును' అన్నట్లు, స్వభావమును తెలుపునది. 'తప్పకుండ వస్తం సార్' అని నలుబదియొక్కమంది తరఫున జవాబులు రాగా నేను వానినన్నిటిని భవిష్యత్కాలముగ గ్రహించి పుస్తకమున వ్రాసికొంటిని. అవి తద్ధర్మములని శుక్రవారము రాత్రి గ్రహించితిని. 'వస్తము' అనగా ఆనాడు వచ్చెదమని కాదు. పిలిచినచోటికి వచ్చు స్వభావము గలవారము, మీరన్నచో గౌరవము గలవారము అని మాత్రమే. కొందరు బొటనవ్రేలి బొమ్మ పంపిరి. కొందరు జోడించిన చేతుల బొమ్మ. అది అంగీకారమో క్షమాపణయో చిత్రగుప్తునికే యెరుక. హైదరాబాదువాడైన యొక సోదరుడు 'ఇన్షా అల్లా' యనెను, అది చేదర్థకము. ఇరువదిమూడేండ్ల కుర్రవాడొకడు 'చూస్త సార్' అనెను. కార్డును చూచినట్లు నీలిగీతలు రెండు పడిన పిదప మాటాపలుకూ లేనివారు తొమ్మండుగురు. వ్యతిరేకార్థక క్రియ మాత్రము నా పుస్తకమున నొక్కటి తప్ప లేదు.

చిత్రమేమనగా, ఈ వ్యవహారమునకు వలసిన మాటలన్నియు మనము అరబ్బీనుండియే తెచ్చుకొంటిమి. తెలంగాణమున విందును దావత్ అందుము. అరబ్బీన ఆ మాటకు మూలము పిలుపు. జవాబు అరబ్బీయే, కబురు అరబ్బీయే, హాజరు అరబ్బీయే, ఖరారు అరబ్బీయే. అరబ్బులు పిలుపని పెట్టిన పేరును మనము భోజనమునకు పెట్టుకొంటిమి. నడుమనున్న జవాబును మ్రింగితిమి.

మనవాడు 'రాను' అనలేకపోవుట కపటముచే కాదు. ఇల్లు వదలునపుడు 'పోతాను' అనక 'పోయివస్తాను' అనువారము మనము. శుభకార్యమున 'లేదు' అను మాట నోట రారాదని చిన్ననాడే నేర్చినవారము. ఇంటిలో ఉప్పు నిండుకొన్నదందుముగాని లేదనము. అట్టివాడు తన సూపర్‌వైజరు బిడ్డ పుట్టినరోజునకు 'రాను సార్' అని యెట్లు చెప్పగలడు? ఆపైన, వానికే తెలియదు. డ్యూటీ పట్టిక రెండుదినముల ముందుగాని రాదు. ఓవర్‌టైము దొరకినచో దానిని విడుచుట అవివేకము. ఎండకాలమైనచో మరియు కష్టము: జూన్ 1వ తేదీనుండి సెప్టెంబరు 15 వరకు పగలు 10 గంటలనుండి 3.30 వరకు ఆరుబయట ఎండలో పనిచేయింపరాదను నిబంధన వలన పని తెల్లవారుజామునకును రాత్రికిని జరుగును, దానితో నిద్రయు జరుగును. తన సాయంకాలము తనది కానివానిని సాయంకాలమును గూర్చి మాట యిమ్మని యడుగుట నాకే తరువాత ఎబ్బెట్టుగా తోచినది.

బహుమతుల మాట యొకటి. ఈ దేశమున 2021 మార్చి 20నుండి అమలులోనికి వచ్చిన చట్టముచే కనీసపు మూలవేతనము నెలకు 1000 రియాళ్లు. తిండికి 300, వసతికి 500 వేరు, కంపెనీయే వానిని సమకూర్పనిచో. వేయి రియాళ్ల మూలవేతనపువాడు ఏబది రియాళ్ల బొమ్మ కొన్నచో దినమున్నర కూలి పోయినట్లే. కార్డుమీద 'బహుమతులు వద్దు' అని వ్రాసినచో చాలదు. అట్టి వాక్యమును మనవారు మర్యాదగనే చదువుదురు, ఆజ్ఞగ కాదు. నా కుమారుడు ఒక్కొక్కరికి ఫోను చేసి, 'ఉత్తచేతులతో రాండ్రి, పట్టుకొస్తె నా మీద ఒట్టే' యని చెప్పెను. వారు ఒట్టును నిలిపిరి: మనిషికి నైదేసి రియాళ్లు చందా వేసికొని మూడుచక్రముల సైకిలొకటి హోటలువానివద్ద ముందుగనే దింపి, తాము ఉత్తచేతులతోనే వచ్చిరి.

శుక్రవారము సాయంకాలము ఆరుగంటలకు మేము హోటలు చేరితిమి. ఏబదిమందికి బిర్యానీయు, నా కోరికపై పులిహోరయు సిద్ధము. ఆరున్నరకు రెండు కుటుంబములు వచ్చినవి. ఏడయ్యెను. ఏడున్నరయ్యెను. లేబర్ సిటీవారొక్కరును లేరు. బయట మాత్రము ఊరూరే కదలివచ్చినట్టు కోలాహలము. విచారింపగా, ఆనాడు ఆ క్రికెట్ మైదానముననే ఆట విరమించిన పాత ఆటగాండ్రు ఆడు లెజెండ్స్ లీగు మొదలైనదట. ఇండియా మహారాజాస్ అను మన జట్టు ఏషియా లయన్స్‌తో ఆడుచున్నదట. టీవీలో మాత్రమే చూచిన గంభీర్ నూరు గజముల దూరమున నిజముగ బ్యాటు పట్టియుండగా, మూడేండ్ల పిల్ల కేకు కోయుట చూడవచ్చువాడు మనుష్యుడా? నేను వారిపై కోపించుకొనలేదని చెప్పుట అసత్యమగును. కాని ఆ తేదీని నిర్ణయించునపుడు, అదే ఆవరణమున ఆనాడేమి జరుగుచున్నదో చూచుకొననివారము మేము. కుటుంబములవారిలో మరి ముగ్గురు ఆ కార్ల రద్దీలో చిక్కుకొని, వెనుకకు మరలి, దారిలోనుండి ఫోను చేసిరి.

ఎనిమిదింటికి కేకు కోసితిమి. ఎనిమిదింబావుకు మనుమరాలు నా భుజముపై నిద్రించినది. తొమ్మిదిన్నరకు మన జట్టు ఓడి, ముఖములు వేలవేసికొని మావారు వచ్చిరి. ఇరువదికి పందొమ్మండుగురు, మైదానమున కలిసిన స్నేహితులు మరి పదునొకండు! వనవాసమున ద్రౌపది పాత్ర కడిగి బోర్లించిన తరువాత దుర్వాసుడు పదివేల శిష్యులతో దిగిన ఘట్టము తలపునకు వచ్చి నవ్వు వచ్చినది. ఇచ్చట అక్షయపాత్ర అవసరమే లేకపోయినది. రానివారి బిర్యానీ యంతయు వచ్చినవారికి సరిపోయినది. వారు చప్పుడు చేయక, నిద్రించుచున్న పిల్ల చుట్టును నిలిచి, ఒక్కొక్కడే ఆమె పాదమును వ్రేలితో తాకి చూచిరి. వారిలో పెక్కురు పసిపాదమును తాకి ఏడాదియో, రెండేండ్లో యైనదని వారి ముఖములే చెప్పినవి. హోటలువాడు పదుకొండింటికి దీపము లార్పుచు మమ్ము బయటికి పంపెను.

ఆ పందొమ్మండుగురిని గూర్చి గాక, రాని ఇరువదవవానిని గూర్చి చెప్పుటకే నేను ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. అతడు సిరిసిల్ల దాపున నొక పల్లెవాడు, గిడ్డంగిలో పని. మంగళవారమే, కార్డు చేరిన మరుసటి పగలు, అతడు ఫోను చేసి, 'సార్, నేను రానొస్తలేదు. శుక్రవారం నైట్ డ్యూటీ ఉన్నది. నా పేరు కొట్టెయ్యండ్రి, అన్నం కరాబైతది' అనెను. ఆ క్షణమున నా మనస్సు చివుక్కుమన్నది. ఇంత నిర్మొగమాటముగ చెప్పవలెనా? 'చూస్త' అనరాదా? అయినను పుస్తకమున వానిపేరు కొట్టివేసితిని. శుక్రవారము రాత్రి ఆ ఖాళీపళ్లెముల యెదుట కూర్చుండి చూచుకొనగా, నలుబదియొక్క 'తప్పకుండ'లలో నాకు పనికివచ్చిన జవాబు ఆ యొక్క కొట్టివేతయే. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసికొనుటకు పుస్తకము గలదు. ఎవరు ఎంత యిచ్చిరో మూడుతరములవరకు చూచుకొందుము. ఎవరు ఏమి చెప్పిరో, చెప్పినట్లు చేసిరో వ్రాసికొను పుస్తకము మాత్రము మనకు లేదు.

మరుసటి వారము అతనిని కలిసికొంటిని. టీ త్రాగుచు ఫోను తెరచి ఒక చిత్రమును చూపించెను. మన పల్లెలలో ఇప్పుడు చిన్నపిల్లల పుట్టినరోజులకు సైతము కూడలివద్ద ఫ్లెక్సీలు కట్టుచున్నారు గదా, అట్టి ఫ్లెక్సీ. కిరీటము పెట్టుకొన్న యొక పాప, క్రింద రెండవ జన్మదిన శుభాకాంక్షలు, అడుగున 'ఆహ్వానించువారు' అని అతని పేరు. తన బిడ్డ పుట్టినరోజునకు తానే ఊరినందరిని పిలిచినట్లు అచ్చుపడినవాడు తాను మాత్రము లేబర్ సిటీలో పై మంచముమీద పండుకొని ఆ పిలుపును ఫోనులో చదువుకొనెను. 'నాకు గూడ పంపింది సార్, కార్డు. ఏం రాయాల్నో సమజ్ కాలే. రాను అని రాసిన' అనెను. పాప పుట్టినది 2020 జూన్‌లో. ఒక్కసారి సెలవుమీద పోయి చూచివచ్చినాడట. అట్టివానికి 'రాను' అనుట కొత్తగాదు. మా పెదనాన్న కొడుకు 1980 దశకమున దుబాయిలో నుండగా, మా పిలుపుటుత్తరములు వానికి శుభకార్యమైన రెండువారములకు చేరెడివి. వాడు జవాబుగా క్యాసెట్టులో మాట నింపి, వచ్చువారిచేత పంపెడివాడు. అది చేరునప్పటికి తరువాతి శుభకార్యము వచ్చెడిది. ఈనాడు కార్డు క్షణములో చేరును, జవాబు క్షణములో పోవలెను. అందుకు తప్పించుకొను త్రోవయే లేదు.

మార్చి 23న అచ్చట రంజాను నెల ప్రారంభమైనది. ఏప్రిల్ మొదటివారమున, ఆ నెలలో పదునాలుగవ రాత్రి, మేముండు వీథిలో ఖతరీ పిల్లలు జరీబట్టలు కట్టుకొని, మెడకు సంచులు వ్రేలాడదీసికొని, ఇంటింటి వాకిట పాటపాడుచు పప్పులును మిఠాయిలును పోయించుకొనుచుండిరి. గరంగావ్ అందురట. అది పిలుపు లేని పిల్లలపండుగ; గృహస్థు గిన్నె నింపుకొని తలుపువద్ద కూర్చుండును, ఎందరు వత్తురో లెక్కలేదు, వచ్చినవాడే అతిథి. సంక్రాంతికి ముందు హరిదాసు మా వాకిట నిలిచిన యట్లే. నా మనుమరాలు నిద్రమేల్కొనియుండెను గాన, ఆమెయు దోసిలి పట్టినది. ఆ పిల్లలు తమ సంచిలోనుండియే ఆమెకు పోసిరి. ఆ రాత్రి నా పుస్తకమును చూచుకొని కొంత సిగ్గుపడితిని.

అయినను గ్రహించినంత చెప్పవలెను. పిలుచువారు పిలుపులోనే రాకపోవుటకు తలుపొకటి తెరచియుంచవలెను. 'డ్యూటీ ఉన్నచో ఏమియు అనుకొనము, బుధవారములోగా ఒక్కమాట చెప్పుడు, మరొకనాడు ఇంటికి రండు' అని ముందే చెప్పినచో, 'రాను' అనువానికి నోరు వచ్చును. కారణ మడుగరాదు. కార్డును అందరికి పంపినను, బండి లేనివానికిని, చదువు తక్కువవానికిని, క్రొత్తగ వచ్చినవానికిని ఫోను చేసియే పిలువవలెను. కార్డునకు బొమ్మతో జవాబిచ్చువాడు గొంతునకు గొంతుతో జవాబిచ్చును. పిలువబడినవారిని గూర్చి నేను చెప్పునది స్వల్పము: సందేహమున్నచో సందేహమనియే చెప్పుడు, వంటవాడు సందేహమునకు సగము ఎసరు పెట్టుకొనును. ఇంతకుమించి శాస్త్రము దీనియందున్నదని నాకు తోచదు.

మే నెలాఖరున మేము జగిత్యాల చేరితిమి. జూన్‌లో సిరిసిల్ల కుర్రవాడు ఫోను చేసి, 'సార్, మా బిడ్డ మూడో పుట్టినరోజు. నేను ఎట్లాగు లేను, మీరన్న పోయి రాండ్రి' అనెను. నేను కాలమును గూర్చి సంశయములేకుండ, శుద్ధ భవిష్యదర్థమున, 'వచ్చెదను' అంటిని. అంతటితో నూరకుండక, అతని యింటికి రెండుమార్లు ఫోను చేసి, మేము ఇద్దరమనియు, ఆరున్నరకు చేరెదమనియు, ఎనిమిదింటి బస్సునకు లేచెదమనియు చెప్పితిని. చెప్పినట్లే చేరితిమి. కూడలివద్ద ఫ్లెక్సీ, అడుగున మునుపటివలెనే అతని పేరు. వాకిట షామియానా, ఒకమూల బగారా గుండిగ, ఊరంతయు అచ్చటనే. ఏడుగంటలకు కేకు ముందర పాప మేనమామ ఫోనును ఎత్తిపట్టెను. అచ్చట నాలుగున్నర, తెరమీద అతడు డ్యూటీకి పోవుటకు చొక్కా తొడుగుకొనుచుండెను.

భోజనములయిన తరువాత నేను ఉపాధ్యాయధోరణి విడువలేక, 'ఎంతమంది వత్తురని లెక్క వేసికొంటివమ్మా?' అని ఆ తల్లి నడిగితిని. ఆమె నవ్వి, 'లెక్కేంది సార్! ఇక్కడ ఎవ్వలు చెప్పి రారు. ఫోను చేసి వస్తనన్నది మీరొక్కలే' అనెను.

ఫోనులోనుండి అతడు వినినాడు. 'నేను గూడ చెప్పిన గద,' అనెను, 'రానని.'